లైనక్స్‌లో సీరియల్ పోర్టు తెరుచుకోకపోతే: కేబుల్ నుంచి డేటా దాకా పూర్తి మార్గదర్శి

విశాఖలో సీరియల్ పోర్టుకు (పరికరంతో కంప్యూటర్ ఒక్కో బిట్ చొప్పున డేటా మార్చుకునే దారికి) ఇంకా చేతినిండా పని ఉంది. గాజువాక, ఆటోనగర్ వైపు లారీ కాటాల దగ్గర బరువు చూపించే ఇండికేటర్ కంప్యూటర్‌తో మాట్లాడేది దాని ద్వారానే. ఫిషింగ్ హార్బర్ దగ్గర బోటు జీపీఎస్‌ను బల్ల మీద పెట్టి పరీక్షించాలన్నా అదే దారి. ఇంజనీరింగ్ పిల్లలు ఆర్డ్యునో, ఈఎస్‌పీ32 అనే చిన్న సర్క్యూట్ బోర్డుల్లోకి ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు వాడే యూఎస్‌బీ కేబుల్ వెనక ఉన్నదీ సీరియల్ పోర్టే. విండోస్‌లో నిన్నటిదాకా నడిచిన కేబుల్, ఉబుంటు (ఒక రకం లైనక్స్) వేసిన మర్నాడు "పర్మిషన్ డినైడ్" అంటుంది. అక్కడినుంచి టెన్షన్ మొదలు.

ఇలాంటప్పుడు చాలామంది నెట్‌లో దొరికిన మొదటి కమాండ్ కొట్టేస్తారు. దానివల్ల అసలు సమస్య అలాగే ఉండి, పైన ఇంకో సమస్య చేరుతుంది. లైనక్స్ ఈ విషయంలో చాలా స్పష్టంగా మాట్లాడుతుంది. "నో సచ్ ఫైల్" అంటే ఆ పేరుతో పోర్టు లేదని. "పర్మిషన్ డినైడ్" అంటే పోర్టు ఉంది, మీకు హక్కు లేదని. "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అంటే వేరే ప్రోగ్రాం దాన్ని పట్టుకుని ఉందని. ఎర్రర్ ఏమీ రాకుండా పిచ్చి అక్షరాలు వచ్చినా, అసలేమీ రాకపోయినా పోర్టు తెరుచుకున్నట్టే, తేడా సెట్టింగుల్లోనో వైర్లలోనో ఉన్నట్టు. ఈ నాలుగింటికీ మందులు వేరు. మీకు వచ్చిన మెసేజ్ ఏదో ముందు కాగితం మీద రాసుకోండి.

కమాండ్ల గురించి ఒక మాట. ఇక్కడ వాటిని పలికినట్టుగా తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్నక్షరాలతో కొట్టాలి. పెద్దక్షరం రావాల్సిన చోట విడిగా చెబుతాను. ముందు సుడో అని ఉంటే ఆ కమాండ్ అడ్మిన్ హక్కుతో నడుస్తుంది. లైనక్స్‌కు చిన్న, పెద్ద అక్షరాలు వేర్వేరు కాబట్టి అక్కడ జాగ్రత్త.

సిస్టమ్‌కు అసలు అడాప్టర్ కనిపిస్తోందా?

అడాప్టర్ (యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే కేబుల్ లేదా బోర్డు) పీకేసి ఉంచండి. టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

సుడో డీఎంఈఎస్‌జీ -డబ్ల్యూ

ఇది కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) రాసుకునే చిట్టాను ఎప్పటికప్పుడు చూపిస్తుంది. ఇప్పుడు కేబుల్ గుచ్చండి. అంతా బాగుంటే "కన్వర్టర్ నౌ అటాచ్డ్ టు టీటీవైయూఎస్‌బీ0" లాంటి వరుస వస్తుంది. ఒక్క వరుస కూడా కదలకపోతే పర్మిషన్ల జోలికి వెళ్లొద్దు. ఆ కేబుల్‌లో డేటా వైర్లు లేకపోయి ఉండొచ్చు. ఫోన్ ఛార్జింగ్ కోసం అమ్మే చాలా మైక్రో యూఎస్‌బీ కేబుళ్లలో కరెంటు వైర్లు రెండే ఉంటాయి. బోర్డు మీద లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం ఏమీ తెలియదు. ఫోటోలు ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఎక్కించడానికి పనికొచ్చిన కేబుల్‌తో ప్రయత్నించండి. హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కు గుచ్చండి.

చిట్టాలో యూఎస్‌బీ డివైస్ వచ్చినట్టు కనిపించి, టీటీవై పేరు రాకపోతే "ఎల్ఎస్‌యూఎస్‌బీ" అని కొట్టి దాని నంబరు చూడండి. 0403:6001 అయితే ఎఫ్‌టీడీఐ చిప్. 1ఏ86:7523 అయితే సీహెచ్340. 10సీ4:ఈఏ60 అయితే సీపీ2102 కుటుంబం. 067బీ:2303 అయితే పీఎల్2303. వీటన్నిటికీ డ్రైవర్లు మామూలు లైనక్స్ కెర్నెల్‌లోనే ఉంటాయి. సీడీలో వచ్చిన డ్రైవర్ కోసం వెతకనక్కర్లేదు, ఎక్కడినుంచో డౌన్‌లోడ్ చేసి కంపైల్ చేయనక్కర్లేదు. మీ దగ్గర ఉన్నది వీటిలో ఒకటై ఉండి కూడా టీటీవై పేరు రాకపోతే, లేదా వచ్చి వెంటనే మాయమైతే, కింద బ్రెయిలీ ప్రోగ్రాం గురించి రాసిన భాగానికి వెళ్లండి.

పేర్లు మూడు రకాలు. మదర్‌బోర్డు మీదున్న తొమ్మిది పిన్నుల పాత పోర్టు టీటీవైఎస్0 (చివరి ఎస్ పెద్దక్షరం). యూఎస్‌బీ అడాప్టర్లు టీటీవైయూఎస్‌బీ0 (యూఎస్‌బీ పెద్దక్షరాలు). ఆర్డ్యునో ఊనో వంటివి టీటీవైఏసీఎం0 (ఏసీఎం పెద్దక్షరాలు). మూడూ "/డెవ్/" కింద ఉంటాయి. ప్రోగ్రాం సెట్టింగుల్లో ఒకటి రాసి, గుచ్చింది ఇంకొకటైతే "నో సచ్ ఫైల్" అనే వస్తుంది.

మదర్‌బోర్డు పోర్టుల విషయంలో ఒక మోసం ఉంది. ఉబుంటులో /డెవ్ కింద టీటీవైఎస్ పేర్లు వరుసగా 31 దాకా కనిపిస్తాయి, వెనక హార్డ్‌వేర్ లేకపోయినా. లేనిదాన్ని తెరిస్తే "ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్" వస్తుంది. నిజంగా ఉన్నది ఏదో తెలియాలంటే కెర్నెల్ చిట్టాలో టీటీవైఎస్ కోసం వెతకండి. అసలైన పోర్టు ఎదురుగా 16550ఏ అని చిప్ పేరు ఉంటుంది.

"పర్మిషన్ డినైడ్": ఎక్కువమంది ఆగిపోయే చోటు

ముందు పోర్టు ఎవరిదో చూడాలి:

ఎల్ఎస్ -ఎల్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0

వచ్చే వరుసలో యజమాని రూట్ (సిస్టమ్ అడ్మిన్) అని, గ్రూపు డయలౌట్ అని ఉంటుంది. హక్కులు యజమానికి, ఆ గ్రూపుకు చదవడం, రాయడం. మిగతావాళ్లకు ఏమీ లేదు. డెబియన్, ఉబుంటు, ఫెడోరాలో గ్రూపు డయలౌట్. ఆర్చ్ లైనక్స్‌లో మాత్రం యూయూసీపీ. కాబట్టి వేరే డిస్ట్రో (లైనక్స్ రకం) కోసం రాసిన సలహాను కళ్లు మూసుకుని పాటించొద్దు, ఆ వరుసలో ఏ గ్రూపు పేరుందో దాన్నే వాడండి.

"గ్రూప్స్" అని కొడితే మీరున్న గ్రూపులు కనిపిస్తాయి. అందులో డయలౌట్ లేకపోతే చేరాలి. డెబియన్, ఉబుంటులో నేను అందరికీ చెప్పేది ఈ పద్ధతి:

సుడో యాడ్‌యూజర్ మీపేరు డయలౌట్

"మీపేరు" చోట మీ లాగిన్ పేరు రాయాలి. మిగతా డిస్ట్రోల్లో యూజర్‌మాడ్ వాడతారు:

సుడో యూజర్‌మాడ్ -ఏజీ డయలౌట్ మీపేరు

ఇక్కడ ఏ చిన్నక్షరం, జీ పెద్దక్షరం. ఆ ఏ మర్చిపోతే జరిగేది తీవ్రంగా ఉంటుంది. ఏ ఉంటే పాత గ్రూపులకు ఇది చేరుతుంది. లేకపోతే మీ అదనపు గ్రూపులన్నీ పోయి డయలౌట్ ఒక్కటే మిగులుతుంది. అంటే సుడో గ్రూపు కూడా పోతుంది. ఆ కంప్యూటర్‌లో అడ్మిన్ మీరొక్కరే అయితే రికవరీ మోడ్‌లోకి వెళ్లి సరిచేసుకోవాలి. కాటా దగ్గర లారీలు వరుసగా నిలబడి ఉన్నప్పుడు ఆ పని పడకూడదు. యాడ్‌యూజర్‌లో ఈ ప్రమాదం లేదు, అందుకే దాన్ని ముందు చెప్పాను.

చేరాక కూడా వెంటనే పని చేయదు. గ్రూపుల జాబితా లాగిన్ అయినప్పుడు ఒకసారే తీసుకుంటారు. టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు, పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. కొన్ని డెస్క్‌టాపుల్లో లాగౌట్ అయినా మీ పేరు మీద వెనక నడిచే సర్వీసులు పాత జాబితాతోనే ఉండిపోతాయి. అందుకని రీస్టార్ట్ చేయమనే నా సలహా. ఆగే వీల్లేకపోతే "న్యూజీఆర్‌పీ డయలౌట్" అని కొట్టి, అదే టెర్మినల్ నుంచి ప్రోగ్రాంను నడపండి. ఆ ఒక్క టెర్మినల్‌లో కొత్త గ్రూపు పని చేస్తుంది.

"సుడో సీహెచ్‌మాడ్ 666" అనే సలహా మీకు తప్పకుండా తగులుతుంది. అది పని చేస్తుంది, కేబుల్ పీకేదాకా. మళ్లీ గుచ్చగానే సిస్టమ్ ఆ పోర్టును కొత్తగా తయారుచేస్తుంది, పాత హక్కులే వస్తాయి. పైగా ఆ కంప్యూటర్‌లో ఉన్న ఏ ప్రోగ్రామైనా కాటాతో మాట్లాడగలిగేలా తలుపు బార్లా తీసినట్టవుతుంది. తూకం మీద డబ్బు లెక్కలు ఆధారపడే చోట అది సరికాదు. ఆర్డ్యునో ఐడీఈ మొత్తాన్ని సుడోతో నడపడం ఇంకా చెడ్డ అలవాటు. అది సృష్టించే ఫైళ్లన్నీ రూట్ పేరు మీద పడతాయి, మర్నాడు మామూలుగా తెరిస్తే మీ స్కెచ్‌లే (ఆర్డ్యునో ప్రోగ్రాములే) మీకు సేవ్ కావు.

గ్రూపు సరిగ్గా ఉన్నా ఒకే ఒక్క ప్రోగ్రాం తిరస్కరిస్తోందా? దాన్ని స్నాప్‌గానో ఫ్లాట్‌ప్యాక్‌గానో వేశారేమో చూడండి. అవి ప్రోగ్రాంను ఒక గదిలో బంధించి నడుపుతాయి, డివైస్‌లకు విడిగా అనుమతి కావాలి. అదే ప్రోగ్రాంను తయారీదారుల సైటు నుంచి మామూలు ప్యాకేజీగా వేస్తే ఈ తలనొప్పి ఉండదు. డాకర్‌లో నడిపేవాళ్లు "--డివైస్=/డెవ్/టీటీవైయూఎస్‌బీ0" అని చేర్చాలి. కాటా సాఫ్ట్‌వేర్ సిస్టమ్‌డీ సర్వీసుగా (వెనక తనంతట తానే నడిచే ప్రోగ్రాంగా) నడుస్తుంటే, గ్రూపులో చేర్చాల్సింది మీ పేరు కాదు, ఆ సర్వీసు ఏ యూజర్ పేరు మీద నడుస్తోందో ఆ పేరు.

వచ్చి మాయమయ్యే పోర్టు

ఉబుంటు 22.04 వచ్చాక సీహెచ్340 చిప్ ఉన్న బోర్డులు వాడేవాళ్లను ఎక్కువ ఏడిపించింది ఇదే. తక్కువ ధర ఆర్డ్యునో నానో, చాలా ఈఎస్‌పీ బోర్డుల మీద ఉండేది ఈ చిప్పే. గుచ్చగానే టీటీవైయూఎస్‌బీ0 వస్తుంది, ఒకటి రెండు సెకన్లలో "డిస్కనెక్టెడ్" అని పోతుంది. చిట్టాలో ఆ రెండింటి మధ్య బీఆర్‌ఎల్‌టీటీవై అనే పేరు కనిపిస్తే దొరికినట్టే.

బీఆర్‌ఎల్‌టీటీవై అంటే చూపు లేనివారి బ్రెయిలీ డిస్‌ప్లేలను నడిపే ప్రోగ్రాం. ఒక రకం బ్రెయిలీ పరికరంలోనూ ఇదే 1ఏ86:7523 నంబరు ఉంది. అందుకని మీ బోర్డును చూసి బ్రెయిలీ పరికరం అనుకుని పట్టుకుంటుంది. మీ కంప్యూటర్‌లో బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవాళ్లు ఎవరూ లేకపోతే తీసేయొచ్చు:

సుడో ఏపీటీ రిమూవ్ బీఆర్‌ఎల్‌టీటీవై

కాలేజీ ల్యాబులో, లైబ్రరీలో, నలుగురూ వాడే కంప్యూటర్‌లో మాత్రం దయచేసి తీసేయొద్దు. మన బోర్డు కోసం ఇంకొకరి కంప్యూటర్ వాడకాన్నే మూసేయడం అన్యాయం. దానికి బదులు /యూఎస్ఆర్/ఎల్ఐబీ/యూడెవ్/రూల్స్.డి/ ఫోల్డరులో 85తో మొదలయ్యే బీఆర్‌ఎల్‌టీటీవై రూల్స్ ఫైలును, అదే పేరుతో /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డి/ లోకి కాపీ చేయండి. కాపీలో 1ఏ86/7523 ఉన్న వరుస ముందు # గుర్తు పెట్టండి. ఒకే పేరున్న ఫైలు రెండు చోట్లా ఉంటే ఈటీసీలోనిదే చెల్లుతుంది, అప్‌డేట్ వచ్చినా మీ మార్పు చెరగదు. ఆ తరవాత:

సుడో యూడెవ్‌ఏడీఎం కంట్రోల్ --రీలోడ్-రూల్స్

కేబుల్ పీకి మళ్లీ గుచ్చండి.

బ్రెయిలీ ప్రోగ్రాం పేరు లేకుండానే పోర్టు పోయి వస్తుంటే, చిట్టాలో "డిసేబుల్డ్ బై హబ్ (ఈఎంఐ?)" అనే మాట ఉందేమో చూడండి. ఈఎంఐ అంటే బయటి విద్యుత్ అలజడి. వెల్డింగ్ మిషన్లు, పెద్ద మోటార్లు నడిచే షెడ్డుల్లో ఇది సహజం. పొట్టి కేబుల్, మంచి షీల్డు ఉన్న కేబుల్ వాడండి. పవర్ లైన్ల పక్కనుంచి లాగకండి. మన ఊళ్లో ఇంకో శత్రువు ఉప్పు గాలి. సముద్రం దగ్గర ఏళ్ల తరబడి ఉన్న కనెక్టర్ పిన్నుల మీద తుప్పు, పచ్చటి చిలుము పడతాయి. అప్పుడు కదిపితే పని చేస్తుంది, వదిలేస్తే ఆగుతుంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో తుడిచి చూడండి, పిన్ను సన్నబడిపోయి ఉంటే కనెక్టర్ మార్చడమే నయం.

"బిజీ" అంటే ఎవరు పట్టుకున్నారు?

సుడో ఎఫ్‌యూజర్ -వీ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0

ఎఫ్ అక్షరం తరవాత యూజర్ అని కలిపి కొట్టాలి. పోర్టు ఎవరి చేతిలో ఉందో ప్రోగ్రాం పేరుతో సహా చెబుతుంది. చాలాసార్లు అది మీరే తెరిచి మర్చిపోయిన సీరియల్ మానిటర్ అయి ఉంటుంది. అన్ని ప్రోగ్రాములూ పోర్టుకు తాళం వేయవు, ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం. రెండు ప్రోగ్రాములు ఒకే పోర్టును ఎర్రర్ లేకుండా తెరిచి, వచ్చే డేటాను చెరి కొంత తినేస్తాయి. బరువులో అంకెలు మధ్యమధ్య ఎగిరిపోతుంటే బాడ్ రేటును (డేటా వేగాన్ని) అనుమానించే ముందు ఈ కమాండ్ కొట్టండి.

మోడెమ్‌మేనేజర్ అనే సర్వీసు కూడా అడ్డొస్తుంది. కొత్త పోర్టు కనిపిస్తే మొబైల్ మోడెమేమో అని దానికి ఏటీ కమాండ్లు పంపి చూస్తుంది. కొద్ది సెకన్లు బిజీ అంటుంది, లేదా మీ పరికరానికి చెత్త అక్షరాలు అందుతాయి. సిమ్ డాంగిల్ వాడని కంప్యూటర్‌లో దాన్ని ఆపేయొచ్చు:

సుడో సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్ --నౌ మోడెమ్‌మేనేజర్

ఆ పేరులో రెండు ఎం అక్షరాలూ పెద్దవి. వర్చువల్‌బాక్స్‌లో విండోస్ నడుపుతూ యూఎస్‌బీని దానికి అప్పగించి ఉంటే, లైనక్స్ వైపు పోర్టు ఉండదు. అది తప్పు కాదు, ఒక సమయంలో ఒకరికే దక్కుతుంది.

తెరుచుకుంది, కానీ మాట రావట్లేదు

పరీక్షకు నేను పికోకామ్ (టెర్మినల్ నుంచే పోర్టుతో మాట్లాడే ప్రోగ్రాం) వాడమంటాను. మినీకామ్ పాతది, పేరున్నది. కానీ అందులో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (అవతలివైపు సిద్ధమని వేరే వైరు మీద చెబితేనే పంపే పద్ధతి) మామూలుగా ఆన్‌లో ఉంటుంది. మూడే వైర్లున్న కేబుల్‌తో అయితే మీరు కొట్టింది బయటికి వెళ్లదు, ఎర్రరూ రాదు. మినీకామ్ వాడేవాళ్లు "మినీకామ్ -ఎస్" తెరిచి, సీరియల్ పోర్ట్ సెటప్‌లో ఎఫ్ నొక్కి దాన్ని "నో" చేయాలి. పికోకామ్ అయితే ఇంతే:

పికోకామ్ -బీ 9600 /డెవ్/టీటీవైయూఎస్‌బీ0

బయటికి రావడానికి కంట్రోల్-ఏ, తరవాత కంట్రోల్-ఎక్స్.

పిచ్చి అక్షరాలు వస్తే వేగం తప్పు. బోటు జీపీఎస్‌లు ఎన్‌ఎంఈఏ 0183 ప్రమాణంలో మాట్లాడతాయి, దాని మామూలు వేగం 4800. ఏఐఎస్ (ఓడలు తమ స్థానం చెప్పుకునే వ్యవస్థ) పరికరాలది 38400. సరైన వేగం పెడితే డాలర్ గుర్తుతోనో, ఏఐఎస్ అయితే ఆశ్చర్యార్థకంతోనో మొదలయ్యే వరుసలు చక్కగా వస్తాయి. కాటా ఇండికేటర్లు ఎక్కువగా 9600 గానీ 2400 గానీ వాడతాయి, మాన్యువల్ చూడటం మంచిది. వేగం సరిగ్గా ఉండి కొన్ని అక్షరాలే తేడాగా వస్తే పారిటీ (తప్పు పట్టడానికి చేర్చే అదనపు బిట్) చూడండి. పాత ఇండికేటర్లు కొన్ని 8 బిట్లకు బదులు 7 బిట్లు, ఈవెన్ పారిటీ వాడతాయి. పికోకామ్‌లో అది "-డీ 7 -వై ఈ".

అసలేమీ రాకపోతే ఇండికేటర్ మెనూ ముందు చూడండి. చాలా ఇండికేటర్లకు రెండు పద్ధతులు: ఎప్పుడూ పంపుతూ ఉండటం, లేదా ప్రింట్ బటన్ నొక్కితేనే పంపడం. రెండోదానిలో ఉంటే గంటసేపు కూర్చున్నా ఏమీ రాదు.

దాని తరవాత లూప్‌బ్యాక్ పరీక్ష. ఇది తేల్చి చెప్పే పరీక్ష, తప్పకుండా నేర్చుకోండి. పరికరం నుంచి కేబుల్ తీసేసి, అడాప్టర్ తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో 2, 3 పిన్నులను చిన్న వైరుతో కలపండి. 2 వినే పిన్ను, 3 మాట్లాడే పిన్ను, 5 గ్రౌండ్. ఇప్పుడు పికోకామ్‌లో ఏం కొడితే అది తెర మీద కనబడాలి, వైరు తీసేస్తే ఆగాలి. అలా జరిగితే లైనక్స్, డ్రైవర్, అడాప్టర్ అన్నీ బాగున్నట్టు. తేడా అవతలి కేబుల్‌లోనో పరికరంలోనో ఉంది. రెండు వైపులా 3కి 3 కలిసి ఉంటే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడుతున్నట్టు, నల్ మోడెమ్ కేబుల్‌తో 2, 3 అడ్డంగా మార్చాలి.

ఒక హెచ్చరిక. తొమ్మిది పిన్నుల ఆర్ఎస్-232 పోర్టు నుంచి ఆర్డ్యునో, ఈఎస్‌పీ32 పిన్నులకు నేరుగా వైరు లాగకండి. ఆర్ఎస్-232లో వోల్టేజీ ప్లస్ 15 నుంచి మైనస్ 15 దాకా పోవచ్చు. ఈఎస్‌పీ32 తట్టుకునేది 3.3 వోల్టులు. మధ్యలో మ్యాక్స్3232 లాంటి కన్వర్టర్ ఉండాల్సిందే.

పేరు మారిపోకుండా

రెండు అడాప్టర్లు ఉన్న చోట, కరెంటు పోయి వచ్చాక కాటా యూఎస్‌బీ1 అయిపోతుంది, ప్రింటర్ యూఎస్‌బీ0 అవుతుంది. ఏ నంబరు ఎవరికి వస్తుందో సిస్టమ్ హామీ ఇవ్వదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరు ఎప్పుడూ రాయకండి. /డెవ్/సీరియల్/బై-ఐడీ/ అనే ఫోల్డరులో ప్రతి అడాప్టర్‌కూ దాని సీరియల్ నంబరుతో కలిసిన పేరు ఉంటుంది, అది మారదు. సీహెచ్340 చిప్‌లకు సాధారణంగా సీరియల్ నంబరు ఉండదు, కాబట్టి అలాంటివి రెండుంటే బై-ఐడీలో ఒకదాని పేరే మిగులుతుంది. అప్పుడు పక్కనే ఉన్న బై-పాత్ ఫోల్డరు వాడాలి. అది ఏ యూఎస్‌బీ సాకెట్‌లో గుచ్చారో దాన్నిబట్టి పేరు పెడుతుంది. సాకెట్ల మీద "కాటా", "ప్రింటర్" అని స్టిక్కర్ అంటించి, ఊడ్చేటప్పుడు పీకినా అక్కడే గుచ్చమని ఆఫీసులో వాళ్లకు చెప్పి ఉంచండి.

ఇవన్నీ చూసినా తేలకపోతే తెలిసినవాళ్లను అడగండి. "పోర్టు రావట్లేదు" అని మాత్రం పంపకండి. గుచ్చినప్పుడు కెర్నెల్ చిట్టాలో వచ్చిన వరుసలు, ఎల్ఎస్‌యూఎస్‌బీ నంబరు, ఎల్ఎస్ -ఎల్ చూపిన వరుస, గ్రూప్స్ జాబితా, లూప్‌బ్యాక్‌లో అక్షరాలు తిరిగొచ్చాయో లేదో, ఈ ఐదూ కాపీ చేసి పంపండి. ఫోన్‌తో తీసిన తెర ఫోటో కన్నా కాపీ చేసిన అక్షరాలే మేలు, అవతలివాళ్లు అందులోంచి వెతుక్కోగలరు.